సారు రాసిన వయసు

కండె మొగిలికి రెండు వయసులు. ఒకటి తల్లి ఉప్పలమ్మ చెప్పేది, ఇంకొకటి చంద్రమౌళి సారు రాసింది. తల్లి చెప్పే వయసుకు సాక్షి పీర్ల పండుగ. "పీర్లను సాగనంపిననాడు పుట్టిండు. డప్పుల చప్పుడుకు నా కేకలు ఎవలికీ ఇనవడలే" అంటుంది. సారు రాసిన వయసుకు సాక్షి పదో తరగతి మెమో. రెండింటికీ తేడా రెండేళ్లు. నౌకరి ఇచ్చేవాళ్లు ఉప్పలమ్మను అడగరు.

మొగిలి తండ్రి చనిపోయిన ఏడు ఉప్పలమ్మ మిరపకాయలు ఏరడానికి ఖమ్మం వైపు పోవలసి వచ్చింది. ఆరేళ్ల పిల్లవాణ్ణి ఎవరి దగ్గర వదలాలో తెలియక బడికి తీసుకుపోయింది. సర్కారు హాస్టల్లో మూడో తరగతి నుంచే చేర్చుకుంటారు, దానికి ఎనిమిదేళ్లు నిండాలి. చంద్రమౌళి సారు పిల్లవాణ్ణి కిందికీ మీదికీ చూసి, రిజిస్టరు తీసి ఎనిమిదేళ్లవాణ్ణి చేశాడు. తారీఖు అడిగితే ఉప్పలమ్మ పీర్ల పండుగ అంది. ఆ పండుగ తారీఖు ఏటా మారుతూ పోతుంది కాబట్టి సారు దాన్ని పక్కనపెట్టి జూన్ ఒకటి అని రాశాడు. మొగిలి ఒకటి, రెండు తరగతులు చదవకుండానే మూడో తరగతిలో కూర్చున్నాడు. పక్కవాళ్ల రేకుపెట్టెల మీద రంగుతో రాసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాడట.

ఈ సంగతులన్నీ మొగిలన్న చెప్పగా విన్నవే. అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు మీది రేకుల గదిలో, సర్కారు నౌకరి పరీక్షలకు చదువుకుంటూ మేం ఐదుగురం ఉండేవాళ్లం. మొగిలన్న అందరికంటే పాతవాడు. ఆయన రాసిన పరీక్షల్లో ఒకటి పేపరు బయటికి పోయి రద్దయింది. ఒకటి కోర్టులో ఆగింది. ఒకటి ముప్పావు మార్కుతో పోయింది. నేను చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి గాని లెక్కలంటే నాకు చలిజ్వరం. పొద్దున ఐదింటికి లేపి, పళ్లు తోముకోనివ్వకుండా, రైళ్ల లెక్కలూ పనివాళ్ల లెక్కలూ నాచేత చేయించింది ఆయనే. "ముందుగాల తప్పు చెయ్ తమ్మీ. తప్పు జేస్తనే ఎక్కడ జారుతున్నవో ఎరుకైతది" అనేవాడు.

ఆ ఏడు ఒక కేంద్ర సంస్థ మా జిల్లా ఆఫీసుకు రెండు గుమాస్తా పోస్టులు వేసింది. ఒకటి ఓపెన్, ఒకటి ఎస్సీ. వయసు ముప్పై దాటకూడదు, మా ఇద్దరికీ ఎస్సీ కాబట్టి ఐదేళ్ల సడలింపు. నాకు ఇరవై నాలుగు. మొగిలన్నకు మెమో ప్రకారం ముప్పై ఒకటిన్నర, తల్లి లెక్కన ఇరవై తొమ్మిదిన్నర. నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని ఫారాలు నింపాం. "వయసు సడలింపు కోరుతున్నారా?" అన్నచోట నేను లేదని పెట్టాను, ఆయన అవునని పెట్టాడు.

వెనక నిలబడ్డ మా గది శ్రీకర్ అది చూశాడు. "మీకేందన్నా! మాకు ముప్పైకే గేటు బంద్. మీకు సర్కారు ఇంకో ఐదేండ్లు ఫ్రీగ ఇస్తది."

మొగిలన్న తెర మీంచి చూపు తిప్పలేదు. "తీస్కపో తమ్మీ. ఐదేండ్లు నువ్వే తీస్కపో. అండ్ల మా హాస్టల్ పప్పు గూడ ఉంటది, పురుగులు ఏరుకోని తాగు."

నెట్ సెంటరంతా నవ్వింది. శ్రీకర్ కూడా నవ్వాడు.

ఫలితాలు వచ్చిన రోజు మొగిలన్న పేరు అన్నిటికన్నా పైన ఉంది. నూటనలభై రెండు. రెండో పేరు నిజామాబాద్ నుంచి రోహిత్ అనే ఓపెన్ అభ్యర్థి, నూటముప్పై ఒకటి. మూడో పేరు నాది, నూటఇరవై ఎనిమిది. ఎస్సీల్లో ఆయన తర్వాత నేనే. మొదటి ర్యాంకువాడు ఓపెన్ పోస్టులోకి పోతాడు, ఎస్సీ పోస్టు నాకు. ఇందులో లెక్క వేయడానికి ఏముంది? మెట్ల మీదే ఎగిరాం. మొగిలన్న ఉప్పలమ్మకు ఫోన్ చేసి, "అవ్వా, ఇద్దరికొచ్చింది" అని ఒక్క మాట అని, తర్వాత ఏడుపు ఆపుకోలేక ఫోన్ నాకిచ్చాడు.

వారానికి ఎంపిక జాబితా పెట్టారు. ఓపెన్: రోహిత్. ఎస్సీ: కండె మొగిలి. నా పేరు వెయిటింగ్‌లో.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఆఫీసుకు పోయాం. సూపర్నెంటు పెద్దమనిషి, మర్యాదగా కుర్చీలు చూపించాడు.

"మార్కులు ఎక్కువే బాబూ, కాదనట్లేదు. కానీ ఓపెన్ లెక్కన ఈయనకు వయసు దాటిపోయింది. సడలింపు తీసుకునే కదా పరీక్ష రాశాడు? సడలింపు తీసుకున్నవాడికి ఓపెన్ పోస్టు ఇవ్వరు. మీ కోటాలోనే చూస్తారు."

"ఫస్టు ర్యాంకు సార్ ఆయనది" అన్నాను.

"ఫస్టే. నోటిఫికేషన్లో పదమూడో పేజీ చూడలేదా? అందరూ సిలబస్ చదువుతారు, రూల్స్ ఒక్కడూ చదవడు."

నేను చదివాను. పదమూడో పేజీ అడుగున ఉన్న ఆ నాలుగు లైన్లు చదివాను. నేను సడలింపు అడగలేదు కాబట్టి నాకు సంబంధం లేదనుకుని పేజీ తిప్పేశాను.

"సార్, నా అసలు వయసు ఇరవై తొమ్మిదే" అన్నాడు మొగిలన్న మెల్లగా. "మెమోల రెండేండ్లు ఎక్కువ వడ్డయి."

"మార్పించి తెండి, చూద్దాం. చేరడానికి ఇరవై రోజుల టైముంది." సూపర్నెంటు నా వంక తిరిగి, "ఈయన చేరకపోతే మాత్రం వెయిటింగ్‌లో నీదే పేరు" అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు.

మరునాడే మొగిలన్న ఊరు రావులకుంట పోయాం. చంద్రమౌళి సారు రిటైరై అదే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. మొగిలన్న సారు కాళ్లకు మొక్కి, నన్ను చూపించి, "ఈ తమ్మికి లెక్కలు నేనే నేర్పిన సార్, ఇద్దరం రాసినం" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ముసలాయన మాతో పాటు బడికి వచ్చాడు. ఇప్పటి హెడ్మాస్టరు బీరువా పైనుంచి పాత రిజిస్టరు దింపించాడు. ఆ ఏడు చేరిన పద్నాలుగు మందిలో పదకొండు మంది జూన్ ఒకటినే పుట్టారు.

"ఊరంత ఒక్కనాడే కన్నదా సార్?" అన్నాను.

"ఎవలికి తారీఖు ఎరుక బిడ్డా?" సారుకు కోపం రాలేదు. "ఒకామె బర్రె ఈనినంక పదిరోజులకంటది. ఒకామె పీర్లంటది. పిల్లగాడు బళ్లె వడాల్నా, తారీఖు కోసం ఇంటికాడ కూసోవాల్నా?"

"అబద్ధం రాసినట్టు ఒక కాగితం ఇస్తరా?"

"పది ఇస్త. సంతకం వెట్టి ఇస్త. కని మెమో మారది. పదో తరగతి అయిన కొత్తలనైతే ఏమన్న నడిచేది. ముప్పై ఏండ్లొచ్చినంక, నౌకరి ముంగట వెట్టుకోని మార్చుమంటె ఎవడు మారుస్తడు? కోర్టుకు వోయినా ఇరవై రోజులల్ల తేలుతదా?"

నాకు ఒళ్లు మండింది. "మీ పున్యానికి నా నౌకరి పోయింది సార్."

మొగిలన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. సారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"ఆ రెండేండ్లు నేను రాయకుంటె వీడు తల్లెంబడి మిరపచేండ్లకు వోతుండె. మరి నీకు లెక్కలెవలు నేర్పుతుండె?"

ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు వెతుకుతూనే ఉన్నాను. దొరికితే ముసలాయన మొహాన కొట్టి వద్దామని ఉంది.

ఉప్పలమ్మ రొట్టెలు కొట్టి పెట్టింది. ఎండుమిరపకాయ కాల్చి పచ్చిపులుసు చేసింది. జరిగింది వివరంగా చెబితే ఆమెకు అర్థం కాలేదు. "మా వోనికి ఫస్టు వచ్చిందంటిరి గదా. ఫస్టు వచ్చుడు గూడ తప్పేనా?" అంది. తర్వాత నా కంచంలో ఇంకో రొట్టె వేసి, "పోనీ బిడ్డా, ఇద్దర్ల ఒక్కనికన్న వచ్చింది" అంది. ఆమె ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. ఆ రొట్టె మాత్రం కంచంలోనే వదిలేశాను.

తిరుగు బస్సులో మొగిలన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. జనగామ దాటాక అన్నాడు.

"నేను ఇడిసిపెడితె నీకొస్తది తమ్మీ."

"అవునన్నా."

"నాకు ఇంక మూడేండ్ల పైన ఉన్నది. మల్ల రాయొచ్చు."

"రాయొచ్చు."

"నీకైతె పదేండ్లకు తక్కువ లేదు."

ఆయన మళ్లీ రాస్తే మళ్లీ కొడతాడని నాకు తెలుసు. నోటిఫికేషన్ పడుతుందో లేదో, పడితే ఎన్ని పోస్టులో, అవి ఏ కోర్టులో ఆగుతాయో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయనకు ఆరేళ్ల రేకుల గది, నాకు రెండేళ్లది. అవన్నీ పక్కనపెడితే ఆ నౌకరి నాకు కావాలి. ఆయన తనకొద్దనాలని, నేను అడగకుండానే అనాలని, అలా అన్నాక నేను కాసేపు కాదనాలని కూడా అనుకున్నాను.

"నువ్వే చెప్పు" అన్నాడు.

"చేరు అన్నా."

ఆయన నా మొహం వైపు తిరగలేదు. తిరిగి ఉంటే చేరేవాడు కాదేమో. ఆ సంగతి ఆయనకూ తెలిసే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడనుకుంటాను. "సరే" అన్నాడు. అంతే.

పద్దెనిమిదో రోజున చేరాడు. నేను రేకుల గదిలోనే ఉన్నాను. పొద్దున ఐదింటికి లేపేవాళ్లు ఇప్పుడు లేరు.

ఆఫీసులో ఆయన ఎదుటి బల్ల రోహిత్‌ది. మంచివాడేనట, టిఫిన్ పంచుకుంటారట. ఒకరోజు మాటల్లో, "మీ కోటాల కటాఫ్ ఎంతన్నా? నూటపదా?" అని అడిగాడట.

"నాకు నూటనలభై రెండు" అన్నాడు మొగిలన్న.

రోహిత్ పకపకా నవ్వాడట. "పో అన్నా! నూటనలభై రెండొస్తె ఓపెన్ల ఉంటవ్ గదా!"

"మరి నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"నేను గూడ నవ్విన తమ్మీ."

మరుసటి ఏడు జూన్ ఒకటిన మొగిలన్న అశోక్‌నగర్ వచ్చాడు. చేతిలో చిన్న అట్టపెట్టె. ఆఫీసులో సర్వీసు పుస్తకం చూసి పుట్టినరోజు చేశారట. నెత్తిన కాగితపు టోపీ పెట్టి, చప్పట్లు కొట్టి కేకు కోయించారట. మిగిలిన ముక్క నాకోసం తెచ్చాడు.

"ఇయ్యాల నువ్వు పుట్టలే గదన్నా."

"నేను గాదు, నా కాగితం పుట్టింది. ఇంకో ముచ్చట ఇన్నవా? ఒకటో తారీఖు పుట్టినోళ్లు అంతకు ముందటి నెలాఖరుకే రిటైరై దిగిపోవాల్నట. సారు రెండో తారీఖు రాసినా ఇంకో నెల జీతమొస్తుండె." నవ్వబోయి ఆపేశాడు. "దిగిపోయెటప్పుడు గూడ రెండేండ్లు ముందే దిగిపోతున్న తమ్మీ. ఎక్కెటప్పుడు నీ జాగల ఎక్కితి."

ఆ సంవత్సరమంతటిలో ఆయన ఆ మాట అన్నది అదొక్కసారే. నేను కాదనలేదు.

కేకు తీశాడు. మీద ఎర్రటి క్రీముతో రాసిన పేరులో 'మొ' ఒక్కటే మిగిలింది. రెండు ముక్కలు చేసి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు గూడ మంచిగనే తిను. ఇయ్యాల నీది గూడ గదా."

నిజమే. నా మెమోలోనూ జూన్ ఒకటే ఉంది. మా ఊళ్లోనూ ఒక సారు ఉండేవాడు. నాకు ఎన్నేళ్లు కలిపాడో చెప్పడానికి మా అమ్మ లేదు.