నేను విప్పిన మోకు

ఒక మాట పదమూడేళ్లుగా నా గొంతులో ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు ఉంది. పిల్లకి పేరు పెట్టేటప్పుడు ఉంది. ఎవరైనా నన్ను మంచివాడని అన్నప్పుడల్లా ఇంకొంచెం బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. "పోనీలే, ఎప్పటి సంగతో" అనేవాళ్లు. ఆ మాట వినడమే నాకు అన్నిటికంటే భయం.

ఒక మనిషి చనిపోయింది. ఆ చావు తన వల్లే జరిగిందని ఇంకొక మనిషి బతికినన్నాళ్లూ నమ్మాడు. అలా నమ్మించింది నేను.

మాది తుళ్లూరు పక్కన ఒక పల్లె. నల్లరేగడి, వానాధారం. నాన్నకు నేను నాలుగో కొడుకుని. ఉన్న చేను ముగ్గురికే చాలదు, నా వంతు దాకా రాదని చిన్నప్పుడే తెలుసు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఎస్సెల్సీ ప్యాసయ్యాను. మా మేనమామ నన్ను గుంటూరు తీసుకొచ్చి, తనకు తెలిసిన ఒక లారీ కంపెనీ యజమానికి అప్పగించాడు. ఏడాది పాటు పని నేర్చుకోవాలి. జీతం లేదు. రెండు పూటలా భోజనం, ఆఫీసు వెనక గదిలో పడక. ఏడాది తిరిగేసరికి పని వచ్చిందని యజమానిగారికి తోస్తే బుకింగు గుమాస్తాగా ఉంచుకుంటారు. లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి.

పని అంటే కాగితాలు రాయడమే అనుకున్నాను. కాదు. సరుకు ఏది అడుగున వెయ్యాలి, ఏది పైన వెయ్యాలి, బరువంతా ఒక పక్కకు పడితే మలుపులో లారీ ఎలా తూలుతుంది, మిరపబస్తా ఎంత ఎత్తు నుంచి వేస్తే లోపల కాయ నలుగుతుంది, వాన పడేట్టుంటే పత్తి బేళ్ల మీద పట్టా ఎన్ని మడతలు కప్పాలి. ఇవేవీ ఆఫీసు పుస్తకాల్లో లేవు. కోటయ్య మేస్త్రి దగ్గర ఉన్నాయి.

కోటయ్య మా హమాలీల మేస్త్రి. అప్పటికి యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. చదువు రాదు. భార్య పోయింది, పిల్లల్లేరు. లారీకి లోడంతా ఎత్తాక చివరన మోకులు బిగించి ముడులు వెయ్యడం మాత్రం ఎవరికీ వదిలేవాడు కాదు. ఆయన కట్టిన లోడు మద్రాసు దాకా వేలెడు కదలదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. నాకు చదువొచ్చని మొదట్లో "అబ్బాయిగారూ" అని పిలిచేవాడు. ఒకసారి మోకు జారి నా అరచెయ్యి చీరుకుపోతే, తనే కడిగి పసుపు అద్ది గుడ్డ కట్టాడు. ఆ రోజు నుంచి ఉత్త "అబ్బాయ్" అయ్యాను. నేను అడగ్గా అడగ్గా ముడి వెయ్యడం కూడా నేర్పాడు. నేర్పుతూ ఒకటే మాట చెప్పాడు.

"ఇదిగో అబ్బాయ్, నేను చూడకుండా మోకు మీద చెయ్యెయ్యమాక. ముడి వచ్చిందనుకోవడం వేరు, రావడం వేరు."

సరేనన్నాను.

అది మిరపకోతల కాలం. యజమానిగారు తెనాలిలో ఏదో పెళ్లికి వెళ్లారు. జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన పత్తి బేళ్లు మద్రాసు లారీకి ఎక్కుతున్నాయి. ఒక్కొక్క బేలు మీద నల్లరంగుతో నంబరు ఉంటుంది. బేలు పైకి వెళుతుంటే ఆ నంబరు చూసి రాసుకోవడం నా పని. దించుకునేచోట ఆ నంబర్లతోనే సరి చూసుకుంటారు. చాలా చిన్న పని. పదకొండు నెలలుగా ఒక్కసారీ తప్పలేదు.

ఆ పూట నా చేతిలో వారపత్రిక ఉంది. అందులో నేను నెలల తరబడి చదువుతున్న సీరియలు ఆ వారంతో అయిపోతుంది. వెనక వరస బేళ్లు ఎక్కుతున్నప్పుడు నేను గోడ నీడలో నిలబడి అది చదువుకుంటున్నాను. తల ఎత్తేసరికి పట్టా కప్పేశారు. మేస్త్రి చక్రం మీద కాలు తన్ని పెట్టి ఆఖరి మోకు బిగిస్తున్నాడు.

"అన్నీ రాసుకున్నావా?" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

మొదటి అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. ఆయన తన మనుషుల్ని తీసుకుని గూడ్సు షెడ్డుకు వెళ్లిపోయాడు. డ్రైవరు ఎదుటి హోటల్లో భోజనం చేస్తున్నాడు. లారీ దగ్గర నేనొక్కడినే. నాలుగు బేళ్ల నంబర్లు లేవు.

గూడ్సు షెడ్డు ఎంతో దూరం లేదు. పరుగెత్తితే మేస్త్రిని పిలుచుకు రావచ్చు. ఎందుకు వెళ్లలేదు? ఆయన తిడతాడనా? తిట్టినా కడుపులో పెట్టుకునే మనిషే. ఏడాదికి ఇంకొక్క నెలే ఉందని, పుస్తకం చదువుకుంటూ పని మరిచిపోయాడన్న మాట యజమానిగారి చెవిన పడుతుందని, నాలుగో కొడుకు మళ్లీ పెట్టె పట్టుకుని ఆ చేను గట్టు మీద నిలబడాల్సి వస్తుందని భయం. ఇప్పుడు అలా అనుకుంటున్నాను. ఆ క్షణంలో నిజంగా ఇదంతా ఆలోచించానా, లేక నాకూ ముడి వచ్చు కదా అన్న గర్వంతోనే చెయ్యి వేశానా, ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు.

వెనక మోకు విప్పాను. పట్టా అంచు ఎత్తి నాలుగు నంబర్లూ చూసి రాసుకున్నాను. పట్టా దించి, మోకు లాగి మళ్లీ ముడి వేశాను. ఎండ. కళ్లలో మిరపఘాటు. ఒళ్లంతా వేలాడేసి లాగాను. బిగుసుకుందనే అనుకున్నాను. అనుకున్నానా? చెయ్యి వదిలాక ఒక్కసారి వెనక్కి చూశాను. నమ్మకం ఉన్నవాడు అలా చూడడు.

డ్రైవరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. కాగితాలిచ్చాను. లారీ వెళ్లిపోయింది.

చిలకలూరిపేట దాటాక రోడ్డు ఒకచోట దిగి కల్వర్టు మీదుగా మళ్లీ ఎక్కుతుంది. అక్కడ లారీ కుదిపింది. వెనక మోకు వదిలేసింది. పై బేలు దొర్లి పడింది. మిరపకోత ముగించుకుని ఆడవాళ్లు రోడ్డు వార నడిచి వస్తున్నారు. పత్తి మెత్తగా ఉంటుందని అందరూ అనుకుంటారు. మిల్లులో అదిమి కట్టిన బేలు బండరాయితో సమానం. రవణమ్మ అనే ఆవిడ దాని కింద పడిపోయింది. అక్కడే ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు నిండలేదట. మొగుడున్నాడు, ఒక పిల్ల ఉంది.

మర్నాడు పొద్దున యజమానిగారు తెనాలి నుంచి వచ్చారు. మేస్త్రిని, నన్ను లోపలికి పిలిచారు. పోలీసులు డ్రైవర్ని అడగవలసింది అడిగారు. ఇక ఈయన మమ్మల్ని అడుగుతున్నారు.

"ఏం కోటయ్యా, ఎట్లా జరిగింది?"

"నేను కట్టిన ముడి ఊడదండయ్యా. ఇరవై ఏళ్ల నుంచి కడుతున్నా, ఎప్పుడూ ఊడలా." నా వైపు తిరిగాడు. "అబ్బాయ్, నేను వెళ్లాక నువ్వు లారీ దగ్గరే ఉన్నావుగా. వెనక మోకు బిగువుగానే ఉందా? నువ్వు చెప్పు."

ఆయన నన్ను అనుమానించలేదు. సాక్ష్యం అడిగాడు. నా మాట మీద తన మాట నిలుస్తుందని అడిగాడు. "బిగువుగానే ఉంది" అన్నా కొంత నయమే. ఎవరి తప్పో తెలియకుండా పోయేది. కానీ అలా అంటే మరి ఎలా ఊడిందని అడుగుతారు. అప్పుడు అందరి కళ్లూ నా మీదికి తిరుగుతాయి.

"కాస్త వదులుగా అనిపించింది మేస్త్రీ" అన్నాను. "మీరు కట్టారు కదా అని ఊరుకున్నాను."

కోటయ్య తన రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"అయితే నా చెయ్యే తప్పిందన్నమాట" అన్నాడు.

నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. ఆపలేదు.

యజమానిగారు ఆయన్ని పొమ్మనలేదు. బస్తాలు మొయ్యి, మోకులు మాత్రం వేరేవాళ్లు కడతారని అన్నారు. తను నేర్పినవాళ్ల కింద కోటయ్య కొన్నాళ్లు కూలీగా మోశాడు. ఎవరు కట్టినా వెళ్లి ముడి పట్టుకుని లాగి చూసేవాడు. చూసి నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి లాగేవాడు. లారీలు ఆలస్యమయ్యేవి. వాళ్లు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

నాకు ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజు యజమానిగారు మా మేనమామతో ఏమన్నారో తెలుసా? నేర్పిన మేస్త్రి ఎదురుగా ఉన్నా మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పాడు, ఇలాంటివాడే నాకు కావాలి, అన్నారు. నా బతుకు ఆ మాట మీద లేచింది. గుమాస్తానయ్యాను. తర్వాత ఒంగోలు ఆఫీసుకు మేనేజరునయ్యాను.

ఎనిమిదేళ్లు గడిచాక ఒక డ్రైవరు మాటల మధ్యలో చెప్పాడు. కోటయ్య మేస్త్రి రవణమ్మ వాళ్ల ఊళ్లోనే ఉంటున్నాడట. మా దగ్గర నుంచి వెళ్లినవాడు నేరుగా ఆ మొగుడి దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాడట. అతను కొట్టి తరిమాడట. మర్నాడు మళ్లీ వెళ్లాడట. మిరపకోతలకు వెళ్లి కూలి పుచ్చుకోకుండా వాళ్ల చేలో కోశాడట. అలా ఏటా. చివరికి వాళ్లే చేను పక్కన ఒక పాక వేసుకోనిచ్చారట.

నేను చేసిన దానికి ఆయన కూలి లేకుండా పనిచేస్తున్నాడు. రెండు వారాలు నిద్రపట్టలేదు. తర్వాత బస్సెక్కాను. చెప్పేయాలనే వెళ్లాను. ఇది మాత్రం నమ్మండి.

కోటయ్య బాగా వంగిపోయాడు. అయినా నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "అబ్బాయ్!" అన్నాడు. నులక మంచం వాల్చి, మజ్జిగ తెప్పించాడు. రవణమ్మ మొగుడు కూడా వచ్చి కూర్చున్నాడు. "ఈ అబ్బాయి నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక ఆఫీసు నడుపుతున్నాడు" అని కోటయ్య అతనికి చెప్పాడు. ఆ గొంతులో గర్వం ఉంది. చెప్పవలసిన ఇద్దరూ నా ఎదురుగా ఒకే చోట ఉన్నారు. అలాంటి అవకాశం మనిషికి రెండోసారి రాదు.

"మేస్త్రీ, ఆ రోజు..." అన్నాను. ఏడుపు వచ్చింది.

కోటయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వింకా అది మనసులో పెట్టుకున్నావా? చిన్నవాడివి. మోకు వదులుగా ఉందని పెద్దవాడికి చెప్పడానికి భయపడ్డావు. నీ తప్పేం లేదు. తప్పు కట్టినవాడిది. పెట్టుకోమాక అబ్బాయ్, పెట్టుకోమాక."

చెయ్యని తప్పుకు నన్ను ఓదార్చాడు. నేనేం చేశానో తెలుసా? తల ఊపాను. కళ్లు తుడుచుకుని, ఆ మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను. బస్సులో నాకు హాయిగా అనిపించింది కూడా. అబద్ధం చెప్పిన రోజు కంటే ఆ సాయంత్రమే నాకు ఎక్కువ సిగ్గు. అప్పుడు పందొమ్మిదేళ్లవాణ్ణి. భయపడ్డాను. ముప్పై దగ్గరపడ్డవాడికి ఏమని చెప్పుకోను?

నిరుడు కోటయ్య పోయాడు. సాగరు కాలువ నీళ్లు వచ్చి అటు చేలన్నీ మారిపోతున్నాయి, ఆయన పాక ఉన్నచోట ఇప్పుడు వరి మడి ఉందని విన్నాను. రవణమ్మ మొగుడు ఉన్నాడు. ఆ పిల్లకు పెళ్లయిందట. ఆ ఊరికి రోజూ పొద్దున్నే ఒంగోలు నుంచి బస్సు ఉంది. అది మా ఆఫీసు ముందు నుంచే వెళుతుంది. నేను ఎక్కను. ఎక్కుతానని మీకు మాటివ్వలేను. నా సంగతి నాకు తెలుసు.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. కోటయ్య మేస్త్రి కట్టిన ముడి ఊడలేదు. ఆయన చెయ్యి ఏనాడూ తప్పలేదు. ఆ ముడిని నేను విప్పాను. ఊడింది నేను వేసిన ముడి. రవణమ్మ నా వల్ల చనిపోయింది. అది కప్పిపుచ్చుకోవడానికి, నాకు పని నేర్పిన మనిషికి తన చేతుల మీద ఉన్న నమ్మకాన్ని నేను తీసేశాను.

రాశాను. ఇది చదివి మీరు ఏమనుకున్నా ఆయనకు వినపడదు, ఆవిడ లేచి రాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరివ్వగలిగింది కాదు. ఇన్నాళ్లూ లోకంలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు ఇద్దరం. నాకు దొరికింది ఇంతే.