సోడా అత్త దుప్పటి

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడను అందరూ సోడా అత్త అంటారు. చెప్పిన కొలతకు రెండింతలు చాకలి సోడా గుమ్మరిస్తే తప్ప ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఆ తెల్లదనం చూసి కళ్ళు చెదరని వాళ్ళు లేరనుకోండి. తగ్గించమని ఎవరన్నా వినదు, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలాంటి అత్తకు సొంత కూతురి నుంచే దెబ్బ తగిలింది. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు ఇంకా పై అంతస్తు వార్డులోనే ఉంది. వీపంతా ఎర్రగా కందిపోయింది, మందు రాసినా తగ్గలేదు. కూతురు ఆసుపత్రి దుప్పటి తీసేసి తన శాలువా పరిచింది.

"నువ్వుతికిన దుప్పటి మీద పడుకోబెడితేనే ఎక్కువవుతోందమ్మా," అంది.

"నా ఉతుకుకే వంక పెడతావుటే?" అని అత్త విసవిసా కిందికి దిగిపోయింది.

ఆ పూట ఒక దుప్పటి మడతలో మందారపువ్వు నలిగి ఊదా మరక పడి ఉంది. సోడా నీళ్ళలో ముంచగానే అది ఆకుపచ్చగా మారింది. ఇదేం చోద్యమో అనుకుంది అత్త. మూడుసార్లు మంచినీళ్ళలో జాడించినా పచ్చగానే ఉంది. టీలోకని తెచ్చుకున్న నిమ్మచెక్క కాస్త పిండి చూసింది. సన్నగా బుడగలొచ్చి, మరక మళ్ళీ ఊదాకు తిరిగింది. ఇంకాస్త పిండితే ఎర్రబడింది.

మరి ఊదాగా ఉన్నప్పుడు సోడా ఘాటేమైంది, నిమ్మ పులుపేమైంది? ఒకదాన్నొకటి మింగేశాయా? ఆ వింతలో మునిగి ఉండగానే ఇంకో సంగతి తట్టింది. జాడించాక కూడా పచ్చగా ఉందంటే, దుప్పట్లో సోడా మిగిలిపోయినట్టే కదా. పసిదాని వీపు ఆనింది దాని మీదేనా!

మర్నాడు సోడా సగానికి సగం తగ్గించింది. ఆసుపత్రి వంటావిడనడిగి వెనిగర్ తెచ్చి, జాడింపు తొట్టిలో కొద్దికొద్దిగా పోసింది. పోసినప్పుడల్లా ఆ నీళ్ళు ఓ బొట్టు మందార రసంలో వేసి చూసింది. పచ్చా కాక ఎరుపూ కాక ఊదాగా నిలిచాకే చెయ్యి ఆపింది. ఆ నీళ్ళలో జాడించి ఆరేసిన గుడ్డ ముక్కను తన ముంజేతికి చుట్టుకుని, ఒక పగలూ రాత్రీ అలాగే తిరిగింది.

ఆ తర్వాత దుప్పటి పట్టుకుని పైకెళ్ళింది.

"తప్పు నాదేనే. తెల్లగా ఉంటే చాలనుకున్నా," అంది.

"చేతికేమైందమ్మా?"

"ఇదీ ఈ నీళ్ళలో జాడించిన గుడ్డే, నిన్నట్నుంచి చుట్టుకున్నా," అంటూ అత్త కట్టు విప్పి చూపించింది. కూతురు ఆ ముంజేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా కందలేదు. శాలువా తీసి పక్కన పెట్టి, బిడ్డను ఎత్తుకుని నిలబడింది.

"పరుచమ్మా," అంది.