చేతికే దొరికిన చేపలు

ఈ రోజు పొద్దున నాచారం చెరువులో నాలుగు బొచ్చె చేపలు గాలం వేయకుండానే నా చేతికి చిక్కాయి. ఇంట్లో చుట్టాలున్నారు, మసాలా నూరి ఉంది. నాకు సంబరమైంది. మా బావమరిది యాదగిరి ఒకదాని మొప్ప ఎత్తి వాసన చూశాడు. అది నల్లబడి ఉంది.

“కొత్త కార్ఖానా మోరీ నీళ్లు బావా. ఊపిరాడక పైకొచ్చినయ్. ఇడిసిపెడదాం.”

వాటిని బిందెలో వేసుకుని, వాగు నీళ్లు చేరే అవతలి ఒడ్డున వదిలాం. మూడు ఈదుకుంటూ పోయాయి. నాలుగోదాన్ని గట్టున పాతిపెట్టాం. అక్కడే మధ్యాహ్నం దాకా గాలం వేస్తే చిన్న జెల్ల ఒక్కటి పడింది.

“ఏందిరా, గీ ఒక్కదానికా నేను గంత మసాలా నూరింది?” అని నా భార్య తమ్ముణ్ణి అడిగింది.

“మొప్ప ఎర్రగున్నది సూడక్కా.”

చుట్టాలు పులుసుతోనే రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ముక్క ఎవరికి పడిందో నేను అడగలేదు. మీ వైపు కూడా మొప్ప ఎత్తి చూశాకే వండుతారా?