మేకాధిపతి

ఆ రోజుల్లో అనగానే లాంతర్లూ ఎడ్లబండ్లూ ఊహించుకోకండి. ఇది మొన్నమొన్నటి సంగతే. రిటైరైన కొత్తలో మనిషికి రెండో యవ్వనం వస్తుందంటారు. నాకు దాంతోపాటు కట్టుడు పళ్ళూ, కొత్త ఉద్యోగమూ కూడా వచ్చాయి. ఉద్యోగమిచ్చింది మా మేనకోడలు. సెల్‌ఫోన్లో ఆడే యుద్ధం ఆట ఒకటి తయారుచేస్తోంది. ఆడేవాళ్ళు తలా ఒక దేవుణ్ణి ఎంచుకుని, ఆ దేవుడి బలంతో ఎదుటివాడి కోట పడగొట్టాలి. దేవుళ్ళంతా కల్పితమే (నిజం దేవుళ్ళ జోలికి పోయే ధైర్యం మా వంశంలో లేదు). "వాళ్ళకు గంభీరమైన బిరుదులు కావాలె మామా. నీ అంత తెలుగు ఇంకెవరికొస్తది?" అంది. ఉద్యోగకాలమంతా ఇతరుల ఒత్తులూ దీర్ఘాలూ దిద్దినవాణ్ణి, పొంగిపోయాను. రోజూ డైరీ రాసే వేళకే కూర్చుని, వానలు కురిపించే దేవుడికి 'మేఘాధిపతి' అనీ, శంఖం ఊది సైన్యాన్ని లేపే దేవతకు 'శంఖధారిణి' అనీ పేర్లు కట్టాను. ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు కనక, నేను చెబుతుంటే ఫోనే రాసుకునే ఏర్పాటు చేసిచ్చింది. చిక్కల్లా పళ్ళతోనే. 'ఘా' అన్నానంటే పై వరుస ఊడి కిందికొచ్చేది. తీసి పక్కన పెట్టి, పేర్లన్నీ హాయిగా చెప్పేశాను. "ఒక్క అక్షరం చూడక్కర్లేదు" అని భరోసా కూడా ఇచ్చాను.

పేర్లు పెట్టకముందే ఆట నమూనా చూసి, హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళు పిల్లను ఉద్యోగానికి రమ్మన్నారు. పిల్ల తండ్రి, అశ్వారావుపేటలో పామాయిల్ తోట ఉన్న మా చెల్లెలి భర్త, అడ్డం తిరిగాడు. "బొమ్మలాటకు జీతమిచ్చేటోడెవడు? సరే, మన తోటల పనిచేసేటోళ్ళకు చూపియ్యి. వాళ్ళు మెచ్చితే పో. లేకుంటే నర్సరీ చూసుకుంట ఇంటికాడుండు" అన్నాడు. పిల్ల ఒప్పుకుంది.

ఆ ఆదివారం ఖమ్మం నుంచి నేనూ వెళ్ళాను. గెలలు కోసేవాళ్ళు అన్నాలు తిని షెడ్డులో కూర్చోగానే ఆట తెరిచింది. మొదటి దేవుడు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో పిడుగు, కింద బంగారు అక్షరాల్లో 'మేకాధిపతి'. పక్కనే 'సంకధారిణి'. పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏంది బావా, నువ్వు చదివింది తెలుగా, మేకల కోర్సా?" అని మా చెల్లెలి భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను సంజాయిషీ చెప్పేలోపే గెలలు మోసే పెద్దామె ముందుకు జరిగింది. "మేకల దేవుడా! గాయన్నే నాకియ్యి బిడ్డా. నా మేకలకు ఇన్నేండ్ల సంది దేవుడే లేకపాయె." పక్కనామె రెండో బొమ్మ చూపించి, "మరి ఈ తల్లి సంకల బిడ్డేదే?" అంది. "అంగన్‌వాడీకి పోయిందేమోలే!" అని వెనకనుంచి ఎవరో అందించారు.

"అవ్ గానీ, మేకలేవి? అన్నీ మబ్బులే ఉన్నయ్" అంది పెద్దామె.

పిల్ల ఒక్క క్షణం నావైపు చూసింది. "గవే మేకలు పెద్దమ్మా. కొండమీద మేస్తున్నయ్. అదిలియ్యి, వస్తయ్."

అవతలిపక్షం మా చెల్లెలి భర్తే తీసుకున్నాడు, కత్తి పట్టిన దేవుడితో. పెద్దామె "హెయ్, హెయ్" అంటూ తెరమీద వేలు ఆడించింది. మబ్బులు మందలా కదిలి అతని కోటమీద కురిసి, గోడలు కరిగించేశాయి. "మేకలు నా కోట మేసుడేంది! ఇంకొక్క ఆట" అన్నాడు. మళ్ళీ ఓడాడు. చెల్లెలు వచ్చి అన్నానికి లేవమంటే, "ఆగవే, మేకలొస్తున్నయ్!" అని కసిరాడు. కసిరాక తనే ఆగిపోయాడు. కూతురి వంక చూసి, "సరే, పో. నేనే బస్సెక్కిస్త" అన్నాడు (ఆట మాత్రం తన ఫోన్లో పెట్టి పొమ్మన్నాడు).

బస్సు దగ్గర, పళ్ళు బిగించుకుని మరీ వెళ్ళి, సరిచేసిన పేర్ల కాగితం కిటికీలోంచి ఇవ్వబోయాను. "వద్దు మామా, ఒత్తు పెట్టినవంటే మేకలు బెదిరిపోతయ్!" అంది. బస్సు కదిలింది. తలపండాక కొత్త ఉద్యోగంలో చేరి, ఒక్క ఒత్తు కోసం కుర్రాడిలా బస్సు వెంట నాలుగడుగులు వేసిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం మెల్లగా జేబులో పెట్టేసుకుని పిల్లకు చెయ్యూపవయ్యా అని చెప్పాలనిపిస్తుంది.