పోయిన నా గొంతు, జమీలా ఖాలా పిల్లుల ఇల్లు

ఆ రోజు జమీలా ఖాలా ఇంటి వసారాలో కూర్చొని నేనొక మంచి అబద్ధం మధ్యలో ఉన్నాను. అక్కడి చారల పిల్లి ఒకటి బెంగళూరు లారీ ఎక్కి వెళ్ళిపోయిందని, కొన్నాళ్ళకు అదే లారీలో తిరిగొచ్చిందని, ఇప్పుడు దానికి తెలుగు అర్థం కావడం లేదని ఇద్దరు డ్రైవర్లకు చెబుతున్నాను. ఒకాయన నిజంగానే వంగి "బా ఇల్లి, బా ఇల్లి" అని కన్నడంలో పిలుస్తున్నాడు. పిల్లి వచ్చేసింది కూడా. దానికి ఆయన చేతిలోని బిస్కెట్టు కనబడింది మరి.

ఖాలా చాయ్ తెస్తూ నవ్వింది. నవ్వుతూనే నా ముందు ఆగిపోయింది.

"కళా, జర తల పైకెత్తు."

ఎత్తాను.

"మింగు."

మింగాను.

"యా అల్లా! నీ గొంతు కింద నిమ్మకాయంతది ఏందో పైకి పోయి కిందికొస్తున్నది గదనే."

"చెప్పిన అబద్ధాలన్ని ఆడ జమ అయినయి ఖాలా" అన్నాను. డ్రైవర్లు నవ్వారు. ఖాలా నవ్వలేదు.

ఆ ఇల్లు కొత్తకోటలో, హైవే మీది మెకానిక్ షెడ్ల వెనక ఉండేది. చలికాలంలో పిల్లులు వెచ్చదనం కోసం లారీ ఇంజన్ల మీద పడుకుంటాయి. డ్రైవర్ తెలియక బండి స్టార్ట్ చేస్తే ఫ్యాన్ బెల్టులో కాలో తోకో పోతుంది. అట్లా దెబ్బ తిన్నవాటిని మెకానిక్‌లు గోనె సంచిలో తెచ్చి ఖాలాకు ఇచ్చేవారు. భర్త పోయాక ఆమె వసారాలో చాయ్, బిస్కెట్లు అమ్మి బతికేది. పిల్లులూ దాని మీదే బతికేవి. బోర్డు లేదు. అందరూ పిల్లుల హోటల్ అనేవారు. అక్కడ ఒకటే కాయిదా: పిల్లి కూర్చున్న చోటి నుంచి దాన్ని లేపకూడదు. కుర్చీలో అది ఉంటే మనం నిలబడి తాగాలి. మోటారు కంపెనీ ఆఫీసర్ అయినా సరే.

నాకు పక్క వీధిలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉంది. మా ఆయన వెంకటయ్య లారీ మెకానిక్. నాకప్పుడు నలభై దాటాయి. మనిషికి ఊళ్ళో ఏదో ఒక పేరు ఉండాలి కదా, నాకు కథలు చెప్పే కళక్క అని పేరు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు జాకెట్టు కొలతలు ఇచ్చి, కథ అయ్యేదాకా కదిలేవారు కాదు.

వనపర్తి డాక్టర్ మెడ పట్టి చూసి, "థైరాయిడ్. స్కానింగ్, ఎఫ్ఎన్ఏసీ చేయించండి" అన్నాడు. సూదితో గడ్డలోంచి కొంచెం తీసి చేసిన ఆ పరీక్ష రిపోర్టు చూసి హైదరాబాద్ వెళ్ళమన్నాడు. అక్కడి సర్జన్ నింపాదిగా చెప్పాడు. "గడ్డ విండ్‌పైప్‌ను నొక్కుతోంది. క్యాన్సరా కాదా అన్నది తీసి బయాప్సీ చేస్తేనే తేలుతుంది. అక్కడే గొంతుకు వెళ్ళే నర్వ్ ఉంటుంది. జాగ్రత్తగానే చేస్తాం, కాని కొందరికి గొంతు మారుతుంది. తెలిసి సంతకం పెట్టండి."

నేను విన్నది క్యాన్సర్ అన్న మాట ఒక్కటే. మిగతాది మా ఆయన వింటాడనుకున్నాను. ఆయనా నాలాగే అనుకున్నాడట.

ఆపరేషన్ అయింది. తెలివి వచ్చాక నీళ్ళడిగాను. నర్సు పలకలేదు. మళ్ళీ అడిగాను. మా ఆయన నా నోటి దగ్గర చెవి పెట్టాడు. అప్పుడు అర్థమైంది, నా నోట్లోంచి వస్తున్నది ఉత్త గాలి అని. సైకిల్ ట్యూబుకు పంక్చర్ పడితే వచ్చేంత చప్పుడు కూడా లేదు. మరునాడు చేతివేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. "కాల్షియం పడిపోయింది" అని నరంలోకి ఇంజెక్షన్ ఇచ్చారు. వేళ్ళు తిరిగి వచ్చాయి. గొంతు రాలేదు.

బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. మా ఆయన ఏడ్చాడు. నేను నవ్వబోతే అదీ గాలే. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసిన ఇంకో డాక్టర్ చెప్పింది: "లెఫ్ట్ వోకల్ కార్డ్ కదలడం లేదమ్మా. నర్వ్ కొంచెం లాగినట్టయింది. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. రావచ్చు, రాకపోనూ వచ్చు. గుసగుసగా మాట్లాడొద్దు, అది ఇంకా చెడ్డది. ఏది తాగినా గడ్డం ఛాతీ వైపు దించి, కొంచెం కొంచెం మింగండి. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

కొత్తకోటకు వచ్చాను. మొదట ఎవరూ నమ్మలేదు. "గిదేం కొత్త నాటకమే కళక్కా?" అని నా నడుం గిల్లి నవ్వారు. గిల్లితే అరుస్తానని చూశారు. అరవలేకపోయాను. అప్పుడు నమ్మారు. ఆ నమ్మకం అంతకన్నా చెడ్డగా ఉంది. నన్ను చూడగానే వాళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. చెవిటిదానికి చేసినట్టు సైగలు చేసేవారు. కొలతల సుద్దతో కటింగ్ బల్ల మీద రాసి చూపించేదాన్ని. సుద్దతో కథ ఏం చెబుతాం? నేను రాసేలోపు వాళ్ళకు ఇంట్లో పని గుర్తొచ్చేది. దుకాణంలో మిషను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంట్లో అంత నిశ్శబ్దం తట్టుకోలేక మా ఆయన రేడియో పెట్టి, ఏ స్టేషనూ సరిగ్గా తిప్పకుండా, ఆ గరగర వింటూ అన్నం తినేవాడు.

బతికి వచ్చాను కదా, సంతోషించమని అందరూ అన్నారు. నాకైతే నన్ను ఆ హైదరాబాద్ బల్ల మీదే వదిలేసి, నా చీర కట్టుకున్న ఇంకెవరినో బస్సెక్కించి పంపినట్టుండేది. పొద్దున లేవగానే ముందు గొంతు పెగుల్చుకొని చూసేదాన్ని. గాలి. ఇక ఆ రోజంతా అయిపోయినట్టే.

అప్పుడే మా ఆయన అక్క, నర్సమ్మ వదిన, రాజోలి నుంచి వచ్చింది. నన్ను చెల్లెలికంటే ఎక్కువ చూసుకునే మనిషి. వచ్చీ రాగానే కారణం తేల్చేసింది.

"ఆపరేషన్ గాదు, ఏం గాదు. ఆ పిల్లులింట్ల చాయ తాగి తాగి పిల్లి ఎంట్రుక గొంతుల పడ్డది. పడ్డంక మాట వస్తదా? మా దిక్కు పసరు పోసి కక్కిచ్చి మందు తీసెటాయన ఉన్నడు. గసుమంటియి ఎన్ని తీసిండో!"

మా ఆయన నసిగాడు. "డాక్టర్లు నరం అంటున్నరక్కా."

"నరం అయితే చేయి పడిపోవాలె, కాలు పడిపోవాలె. మాట ఎందుకు పడిపోతదిరా?"

ఆ మాట ఊరంతా పాకింది. పిల్లి వెంట్రుక గొంతులో పడితే మనిషి పోతాడని మా వైపు పాత భయం ఉండనే ఉంది. ఖాలా వసారా ఖాళీ అయింది. ఒక్క జోకుతో ఆ పుకారును పాతిపెట్టగలిగిన మనిషిని నేనే. ఆ ఒక్క జోకూ నా నోటికి రాదు.

వెళ్ళానా అంటే, వెళ్ళాను. ఎవరూ ఈడ్చుకుపోలేదు. వదిన అడిగితే తల ఊపాను. బండరాయికి మొక్కమన్నా మొక్కే స్థితి నాది.

రాజోలి దగ్గర, తుంగభద్ర ఒడ్డున చిన్న ఊరు. మందు తీసే ఆయనకు పెద్ద మీసాలు, ముందర ఇత్తడి తాంబాళం. ఏదో ఆకు పసరు చెంబు నిండా కలిపాడు. "తల ఎనుకకు వంచి గట్టిగ పట్టుకోమ్మా. కదలనీయకు" అన్నాడు. వదిన వెనక నిలబడి నా తల తన పొట్టకు ఆనించి పట్టుకుంది. ప్రేమగానే పట్టుకుంది. గడ్డం కిందికి దించాలని చెప్పడానికి నాకు నోరు లేదు. చేతులాడిస్తే, "ఓర్చుకో బిడ్డా, అయిపాయె" అంది. ఆయన పోశాడు.

అది కడుపులోకి పోలేదు. ఛాతీలో నిప్పు పెట్టినట్టయింది. దగ్గుదామంటే గాలి లేదు. కళ్ళ ముందు నల్లబడుతుంటే ఆయన తాంబాళంలో వేళ్ళు ముంచి, పొడుగాటి వెంట్రుక ఒకటి ఎత్తి, "ఇగో!" అన్నాడు. అంత బాధలోనూ నాకు తెలిసిపోయింది. అబద్ధమాడే మనిషి కళ్ళు ముందుగా వినేవాళ్ళ మొహాలు చూస్తాయి. నేనూ అట్లాగే చూస్తాను కదా.

మరునాటికి ఒళ్ళు కాలిపోయింది. పెదవులు నీలమయ్యాయి. రాజోలి నుంచి కర్నూలు దగ్గరని అక్కడికే తీసుకుపోయారు. ఎక్స్‌రే పట్టుకొని డాక్టర్ అడిగాడు.

"ఆస్పిరేషన్ న్యుమోనియా. రైట్ లంగ్ కింద మొత్తం తెల్లగా ఉంది. ఏం పోశారు?"

"పసరు సార్."

"ఎందుకు?"

మా ఆయన తల దించుకున్నాడు. "పిల్లి ఎంట్రుక తీయనీకి."

డాక్టర్ ఎక్స్‌రే కిందికి దించాడు. తర్వాత వదిన వైపు తిరిగి చెప్పాడు. "వెంట్రుక లేదమ్మా. గొంతులో రెండు తలుపులుంటాయి. మింగేటప్పుడు మూసుకోవాలి. ఈమెకు ఒక తలుపు పడటం లేదు. మీరు తల వెనక్కి వంచి పోస్తే సగం లోపలికే పోయింది."

వదిన వార్డు బయట నేల మీద కూలబడింది. తిండి మానేసింది.

ఆక్సిజన్ మాస్కు కింద పడుకొని నేను చావు గురించి భయపడలేదు. భయపడటానికి కూడా ఓపిక లేదు. ఇంత నోరున్న దాన్ని ఒక్క మాట అనకుండా పోతున్నానే అన్నదే బాధ. డాక్టర్ రోజూ "ఈ రోజు గడవాలి" అనేవాడు. మర్నాడు వచ్చి మళ్ళీ అదే అనేవాడు. మా ఆయన మంచం పట్టె మీద తల పెట్టి ఒకసారి అన్నాడు: "ఒక్క అబద్ధం జెప్పవే. ఏదన్న సరే. నమ్ముత." నేను ఆయన అరచేతిలో వేలితో 'బాగున్న' అని రాశాను. అంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో చెప్పలేదు.

జ్వరం దిగింది. ఆక్సిజన్ తీశారు. సగం మనిషినై కొత్తకోట చేరాను. నడవగలిగిన మొదటి రోజు ఖాలా ఇంటికి పోయాను. వసారాలో కుర్చీలన్నీ పిల్లులవే. పొయ్యి మీద చిన్న గిన్నె, ఆమె ఒక్కదానికి సరిపడా చాయ్.

నన్ను చూసి లేచి నిలబడింది. "రాకు బేటీ. నీకు మళ్ళ ఏమన్న అయితే నన్ను బతకనియ్యరు. నా ఇల్లే నీ గొంతు మింగిందంటున్నరు. పో, ఇంటికి పో."

గడప మీదే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, అదీ చప్పుడు లేకుండా. అప్పుడు డీజిల్ వచ్చింది. మూడు కాళ్ళ నల్ల పిల్లి. లారీ కింద దొరికినప్పుడు ఒళ్ళంతా నూనెతో ఉందని ఆ పేరు. దాని బరువు ఒక గోధుమపిండి సంచంత. అది నా ఒళ్ళోకి ఎక్కి ముడుచుకుంది. నేను ఖాలా వైపు చూశాను. ఖాలా దాని వైపు చూసింది. కూర్చున్న పిల్లిని లేపకూడదన్న కాయిదా ఆమెదే కదా.

"బద్మాష్" అంది చివరికి. నన్నో, దాన్నో. పొయ్యి మీద గిన్నె మార్చి పెద్దది పెట్టింది.

రోజూ పోయేదాన్ని. హైదరాబాద్ ఆసుపత్రిలో మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన వ్యాయామాలు అక్కడే చేసేదాన్ని. పెదవులు మూసి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, "మ్‌మ్" అని కదలిక వెతకాలి. నా ఛాతీలో ఏ కదలికా లేదు. డీజిల్ పక్కటెముకల మీద చెయ్యి పెడితే మాత్రం గరగరమని చిన్న ఇంజన్. ఇదన్నమాట నాకు కావలసింది, అనుకునేదాన్ని. ఒక చెయ్యి దాని మీద, ఒకటి నా మీద. వారాలు పోయాయి. కొన్ని రోజులు కోపమొచ్చి, నీకున్నది నాకెందుకు లేదని ఆ పిల్లి మీదే అసూయపడ్డాను. కొన్నాళ్ళు వ్యాయామం మానేసి ఊరికే కూర్చున్నాను. ఖాలా చాయ్ ఇచ్చి, నా గడ్డం కిందికి దిగేదాకా చూసి, అప్పుడు లోపలికి పోయేది.

ఒక పొద్దున కళ్ళు మూసుకొని హమ్ చేస్తున్నాను. చేతి కింద గరగర తెలుస్తోంది. డీజిల్ ఒళ్ళో కదిలి కిందికి దూకింది. గరగర పోలేదు. నా చెయ్యి నా ఛాతీ మీదే ఉంది. కళ్ళు తెరిస్తే భయంతో నాలోని ఆ గరగర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. వచ్చింది. ఖాలా చేతిలో కప్పు వదిలేసింది.

"ఖా…" అన్నాను. 'లా' రావడానికి ఇంకో వారం పట్టింది.

ముక్కలు ముక్కలుగా మాట వచ్చాక, షెడ్ల ముందు చాయ్ తాగుతున్న డ్రైవర్ల దగ్గరికి పోయాను. అందరూ చుట్టూ చేరారు. నా గొంతు ఇప్పుడు ఇసుక జల్లెడ పట్టినట్టుంటుంది, వంగితే గాని వినబడదు.

"ఎంట్రుక ఎల్లిందా అక్కా?" ఒకడు అడిగాడు.

"ఎల్లింది."

"ఎంతుండె?"

"మూరెడు. పిల్లిది గాదు. మందు తీసినాయన మీసం. ఆయన ఆ పక్క మీసం ఇంకా వెతుక్కుంటున్నడు."

షెడ్డు షెడ్డంతా నవ్వింది. నాకు దగ్గు వచ్చి కళ్ళు తిరిగాయి, అయినా బాగుంది. ఆ సాయంత్రం ఖాలా వసారాలో ఇద్దరు కూర్చున్నారు. తర్వాత నలుగురు నిలబడ్డారు, కుర్చీలు పిల్లులవి కాబట్టి.

మళ్ళీ హైదరాబాద్‌లో కెమెరా వేసి చూశారు. డాక్టర్ స్క్రీన్ చూపించింది. "ఎడమది రాలేదమ్మా. ఇక రాదేమో. కుడిదే మధ్య దాటి దాని దాకా వచ్చి దాని పని కూడా చేస్తోంది." ఆ పాత గొంతు కోసం ఇంటికి వచ్చి ఒక పూట ఏడ్చాను. ఇప్పుడు పొద్దునే పరగడుపున థైరాయిడ్ మాత్ర, సాయంత్రానికి గొంతు అలసట. జాతర గోలలో నా మాట ఎవరికీ వినబడదు. కథలు చిన్నవయ్యాయి. ఊపిరి ఎంతో కథ అంత. వినేవాళ్ళు మాత్రం దగ్గరికి జరుగుతారు.

గొంతు ఆపరేషన్ అయిన మనిషి మీ ఇంట్లో ఉంటే నాది ఒక్కటే మాట. నీళ్ళు గాని, మందు గాని, దేవుడి తీర్థం గాని, మీ చేత్తో నోట్లో పోయకండి. లేపి కూర్చోబెట్టి గ్లాసు ఆ మనిషి చేతికివ్వండి, గడ్డం దించుకొని తనే తాగనివ్వండి. వణికితే వణకనీ, ఒలికితే ఒలకనీ. నర్సమ్మ వదిన ఇప్పుడు మా ఇంటికి వస్తే నాకు గ్లాసు అందించి, రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, నేను చివరి గుటక మింగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది.