లవంగం తక్కువని రాసిన సోమవారం

2015 జూలై 1న హిందూపురం దగ్గర ఒక మద్యం బ్లెండింగ్, బాట్లింగ్ యూనిట్‌లో చీఫ్ బ్లెండర్‌గా చేరాను. అప్పటికి ఈ వృత్తిలో నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం. కాపురం పెనుకొండలో. ఉదయం ఏడూ పదికి కంపెనీ బస్సెక్కితే ఎనిమిదికి ముందే ల్యాబ్‌లో ఉండేదాన్ని. నేను చెప్పబోయేది ఆ మరుసటి సంవత్సరం, 2016 ఆగస్టు 8 సోమవారం మొదలై, పదిహేనో తేదీ సెలవు దాటి మంగళవారం ముగిసిన సంగతి.

మద్యం పాళ్లు, రుచి కుదిర్చే ఈ బ్లెండర్ పని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. రోజంతా తాగుతూ ఉంటామని అనుకుంటారు. ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో నేను ఒక్క గుక్క కూడా మింగలేదు. రుచి చూడటానికి రమ్మును నీళ్లతో ఇరవై శాతానికి పలచన చేస్తాం. ముందు వాసన చూసి, తర్వాత ఒక చెంచాడు నోట్లో పోసుకుని, పది అంకెలు లెక్కపెట్టి ఉమ్మేస్తాం. మధ్యలో ఉప్పు లేని బ్రెడ్డు ముక్క, గోరువెచ్చని నీళ్లు. పనిలో ముప్పాతిక వంతు ముక్కుదే, మిగిలింది నాలుకది.

ఆ సంవత్సరం కంపెనీ మసాలా రమ్ము తయారు చేయాలని నిర్ణయించింది. మామూలు రమ్ము చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో చేస్తారు. దానికి దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, ఎండిన నారింజ తొక్క, వెనిల్లా కలిపితే మసాలా రమ్ము. వీటిని నేరుగా ట్యాంకులో వేయరు. ఒక్కో దినుసును విడి విడి మల్లుగుడ్డ సంచుల్లో కట్టి, ఎనభై లీటర్ల ఘాటైన స్పిరిట్‌లో ఏడు రోజులు నానబెడతారు. ఆ కషాయాన్ని వంద లీటర్ల రమ్ముకు రెండు లీటర్ల చొప్పున కలుపుతారు. నా సూత్రం ప్రకారం ఎనభై లీటర్లకు లవంగాలు పన్నెండు వందల గ్రాములు. నాలుగు నెలల్లో ముప్పై ఏడు నమూనాలు చేసి చూసి, ముప్పై ఎనిమిదోదానికి వచ్చిన లెక్క అది. ఆ ముప్పై ఎనిమిదో నమూనాను సీసాల్లో పోసి సీలు వేశాం. దాన్ని స్టాండర్డ్ అంటారు. తర్వాత వచ్చే ప్రతి బ్యాచ్‌నూ దానితో పోల్చాలి.

మొదటి పెద్ద బ్యాచ్ నాలుగు వేల లీటర్లు. సోమవారం పదకొండు గంటలకు రుచి పరీక్ష. ప్యానెల్‌లో ముగ్గురం. నేను, బ్లెండింగ్ సూపర్‌వైజర్ హనుమంతరాయప్ప, జూనియర్ కెమిస్ట్ సుజాత. హనుమంతరాయప్పది మడకశిర. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. సుజాత ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. రెండు ఎరుపుల మధ్య తేడాను దూరం నుంచే చెప్పేది, ముక్కు కూడా అంతే. ప్యానెల్‌కు నేను రాసిన నియమాలు తలుపు మీద అంటించి ఉండేవి. పరీక్ష రోజు ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ బజ్జీ, కాఫీ, వక్కాకు పనికిరావు. సెంటు, వాసన నూనె కూడదు. సుజాత తలలో పూలు గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టి రావాలి.

గ్లాసులు ముందు నా దగ్గరకు వచ్చాయి. అది అప్పటి పద్ధతి, హోదా ప్రకారం. నేను చూసి, "లవంగం తక్కువ. సగమే ఉంది" అన్నాను. రిజిస్టర్‌లో రాశాను. తర్వాత హనుమంతరాయప్ప, ఆయన తర్వాత సుజాత చూశారు. ఇద్దరూ నా కింద సంతకాలు చేశారు.

సగం తక్కువంటే లెక్క సులువు. పన్నెండు వందల్లో ఆరు వందల గ్రాములు సంచిలో పడలేదన్నమాట. మసాలా గది తాళం ఒక్కడి దగ్గరే ఉండేది. పేరు ఫక్రుద్దీన్, పెనుకొండవాడు, యాభై దాటిన మనిషి. పదకొండేళ్లుగా ఆ గదిలో తూకం అతనిదే. మందు ముట్టడు. ముక్కుతోనే దినుసులు ఏరి ఇచ్చేవాడు. పాత దాల్చినచెక్క వస్తే బస్తా విప్పకముందే వెనక్కి పంపేవాడు. రిజిస్టర్‌లో నేను ఇంకో వాక్యం కూడా రాశాను. "మసాలా గదిలో తూకం లోపం, బాధ్యుడు ఫక్రుద్దీన్." ఎర్ర సిరాతో.

ప్రొడక్షన్ మేనేజర్ ఆ వాక్యం చదివి అతన్ని పిలిపించాడు.

"ఏమప్పా, అర కేజీ పైన లవంగాలు యాడికి పోయినాయి?"

"యాడికీ పోలేదు సార్. పన్నెండు వందలు ఏసినా. ఒక్క గ్రాము తక్కువ లేదు."

"మేడమ్ నాలుక అబద్ధం చెప్తాదా?"

ఫక్రుద్దీన్ నా వైపు చూశాడు, ఏదో అనబోయి ఆగాడు. దొరికిపోయినవాడి తడబాటు అనుకున్నాను. మర్నాటికల్లా ఉద్యోగం తీసేసే ఉత్తరం టైపు చేయించమని మేనేజర్ ఆఫీసుకు చెప్పాడు. పదకొండేళ్ల సర్వీసు దొంగతనం పేరుతో ముగిస్తే, ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటూ అతన్ని లోపలికి రానివ్వదు.

ఇక బ్యాచ్‌ను సరిచేయాలి. లోటు తీరేంత లవంగం కషాయం విడిగా చేసి ట్యాంకులో పోయమని నోట్ రాశాను. కానీ ట్యాంకుకు రెండు తాళాలు. ఒకటి మాది, రెండోది ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్‌ది. కలిపిన ట్యాంకులో మళ్లీ ఏం పోయాలన్నా ఆయన ఎదుట తాళం తీయాలి, ఆయన పుస్తకంలో రాయాలి. ఆయన ఆ రోజు ఒక కేసు పని మీద పెనుకొండ కోర్టుకు వెళ్లాడు. పని మంగళవారానికి వాయిదా పడింది. నాకు విసుగేసింది. ఆ విసుగును ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే ఆ వాయిదా లేకపోతే నాలుగు వేల లీటర్లు నా చేతులతోనే పాడుచేసి ఉండేదాన్ని.

మంగళవారం తొమ్మిదిన్నరకు మేనేజర్ గదిలో అందరం ఉన్నాం. ఉత్తరం బల్ల మీద ఉంది. ఒప్పుకుంటే పోలీసుల దాకా పోనివ్వను అని నేను ఫక్రుద్దీన్‌తో అన్నాను. నా ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

"మేడమ్, కోపం చేసుకోవద్దండి. నిన్న చెప్దామనుకున్యా, పెద్దోళ్లని నోరు రాలేదు. లవంగం తక్కువంటారు. మీరు నోరు తెరిస్తే చాలు, నాకు లవంగం వాసనే వస్తాంది. నిన్నా వచ్చె, ఈ పొద్దూ వస్తాంది."

మేనేజర్ లేచి నిలబడ్డాడు. "ఎవురితో మాట్లాడతాండావ్ నువ్వు?"

హనుమంతరాయప్ప దగ్గాడు. నవ్వును దగ్గుగా మార్చుకున్నాడని నాకు తెలుసు.

నేను మేనేజర్‌ను కూర్చోమన్నాను. ఆదివారం నుంచి నా కుడివైపు కింది దవడ పన్ను సలుపుతోంది. మా ఇంట్లో పన్ను నొప్పికి లవంగం పెట్టుకోవడం మా అవ్వ కాలం నుంచి ఉన్న అలవాటు. ఆదివారం రాత్రి ఒకటి, సోమవారం పొద్దున ఒకటి, బస్సులో ఇంకొకటి చెంపలో పెట్టుకున్నాను. ఆ మంగళవారం కూడా. ఉల్లిపాయ తినలేదు, కాఫీ తాగలేదు, పూలు పెట్టుకోలేదు. లవంగం నాకు తిండిగా తోచలేదు, మందుగా తోచింది. కాబట్టి నేను రాసిన నియమాల కిందకు అది రాలేదు. లవంగం నాలుకను మొద్దుబారుస్తుంది. ఒకే వాసనలో గంటల తరబడి ఉన్న ముక్కు ఆ వాసనను వదిలేస్తుంది. ఈ రెండూ నేనే కొత్తవాళ్లకు మొదటి వారంలో చెప్పే పాఠాలు.

అయినా అతని మాట ఒక్కటే చాలదు, నాకు లెక్క కావాలి. నానబెట్టి తీసిన లవంగాల సంచి పారేయకుండా ఉంది. అందులో తడి లవంగాల మొత్తం బరువు 2,160 గ్రాములు. వంద గ్రాములు తీసి సుజాత చేత లెక్కపెట్టించాను, 612 వచ్చాయి. అంటే సంచిలో మొత్తం 13,219. బస్తాలోని ఎండు లవంగాలు పది గ్రాములకు 111. ఆ ప్రకారం పన్నెండు వందల గ్రాములకు ఉండాల్సింది 13,320. తేడా నూటొక్కటి, బరువులో తొమ్మిది గ్రాములు. అది నలిగిన పొడి. ఫక్రుద్దీన్ తూకం సరైనదే.

అప్పుడు మిగతా ఇద్దరినీ అడిగాను.

"నాకు సరిగ్గానే ఉండె మేడమ్. మీరు తక్కువన్నాక నా నాలిక మీద నాకే అనుమానమొచ్చె" అన్నాడు హనుమంతరాయప్ప.

సుజాత తల దించుకుంది. "మీరు ముందే రాసేసినారు కదా మేడమ్. దాని కింద నేనేం రాయాల?"

రిజిస్టర్ తెరిచి, నా వాక్యం కింద ఉన్న ఆ రెండు సంతకాలను మళ్లీ చూశాను.

మేనేజర్‌తో మాట్లాడి ఉత్తరం చింపించాను. కషాయం నోట్‌ను రద్దు చేశాను. బుధవారం సెలవు పెట్టి ధర్మవరంలో పన్ను పీకించుకున్నాను. డాక్టర్ దూది ఉండలో లవంగం నూనె పెట్టబోతే వద్దన్నాను. ఆయనకు కారణం చెబితే నమ్మినట్టు కనపడలేదు. ఆరు రోజులు లవంగం ఉన్న కూర కూడా ముట్టకుండా, పదహారో తేదీ మంగళవారం మళ్లీ పరీక్షకు కూర్చున్నాను. ఈసారి మూడు గ్లాసుల పరీక్ష. రెండింటిలో ఒకే రమ్ము, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో కనిపెట్టాలి. ఏ గ్లాసులో స్టాండర్డ్ ఉందో, ఏ గ్లాసులో బ్యాచ్ ఉందో సుజాతకు తప్ప ఎవరికీ తెలియదు. ఆరు విడతలు పెట్టింది. ఊరికే ఊహించినా రెండుసార్లు సరిపోతుంది. నాకు సరిపోయింది రెండుసార్లే. అంటే రెంటికీ తేడా నేను పట్టలేకపోయాను. బ్యాచ్ ఉండాల్సినట్టే ఉంది. ఆ మధ్యాహ్నమే ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ తాళం తీశాడు, రమ్ము సీసాల్లోకి వెళ్లింది.

సాయంత్రం ఫక్రుద్దీన్ ల్యాబ్‌కు వచ్చాడు. క్షమాపణ చెప్పాను. విన్నాడు, తల ఊపాడు. అతను వచ్చింది దానికోసం కాదు.

"ఆ పుస్తకంలో నా పేరుండాది. అది తీసేయండి మేడమ్."

రిజిస్టర్‌లో రాసింది చెరపకూడదు, పేజీ చింపకూడదు. ఒక్క గీత కొట్టి, చదవడానికి వీలుగానే ఉంచి, కింద కారణం రాసి సంతకం చేయాలి. అదే చేశాను.

అతను వంగి చూశాడు. "కొట్టేసినా కనపడతాందే."

"కనపడాల్సిందే. దాని కింద నేను రాసింది కూడా కనపడతాంది కదా, చదువు."

చదివాడు. "బ్యాచ్‌లో లోపం లేదు. తూకం సరిగా ఉంది. తప్పు చీఫ్ బ్లెండర్‌ది. పరీక్షకు ముందు నోట్లో లవంగం పెట్టుకుంది." రెండోసారి వేలు పెట్టి చదివాడు. తర్వాత, ఇకపై తూకం వేసేటప్పుడు పక్కన ఇంకొకరు నిలబడి సంతకం చేయాలని అడిగాడు. తన కోసమే అడుగుతున్నానన్నాడు. మర్నాటి నుంచి అమలు చేశాను.

ఆ తప్పుకు మేనేజ్‌మెంట్ నాకు మెమో ఇచ్చింది. నా సర్వీసులో వచ్చిన మెమో అదొక్కటే, సరైనదే.

రుచి పరీక్ష పద్ధతి కూడా మార్చాను. ముగ్గురూ ఒకరికొకరు కనపడకుండా కూర్చుని విడి విడి చీటీల మీద రాయాలి. అందరికంటే చిన్న హోదా ఉన్నవారి చీటీ ముందు తెరవాలి, చీఫ్ బ్లెండర్‌ది చివర. పరీక్షకు ముందు ప్రతి ఒక్కరూ తెలిసిన మోతాదు లవంగం నీళ్లు వాసన చూసి గుర్తుపట్టాలి. పట్టలేనివారు ఆ రోజు ప్యానెల్‌లో ఉండరు. నేను పదవీ విరమణ చేసేలోపు ఆ కారణంగా నాలుగుసార్లు బయట కూర్చున్నాను. మూడుసార్లు జలుబు, ఒకసారి కారణం తెలియలేదు.

ఈ ఘటన నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. తూకం రాళ్లను ఏటా పరీక్షించి ముద్ర వేయిస్తాం. అనుభవం ఉన్న నాలుకను మాత్రం ఎవరూ పరీక్షించరు, ఆ నాలుక ఉన్న మనిషి అసలే పరీక్షించుకోడు. అందుకని ఆ పరీక్షను మనిషి మంచితనానికి వదలకుండా పద్ధతిలోనే పెట్టాలి.