ఊపే చేతులు

గద్వాలలో ఎక్కిన బస్సులో నా పక్కనాయనకు యాభై ఏళ్లుంటాయి. కాళ్లకు కొత్త బూట్లు. నేను అడగకుండానే తన ఆరోగ్యం గురించి మొదలుపెట్టాడు.

"పొద్దుగాల గంటసేపు నడుస్త సార్. షుగర్ దిగింది, పొట్ట పోయింది. మా ఆమెకే కసరత్తు లేదు. పొద్దంత మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునుడే."

ముందు సీట్లో చీరల మూట పట్టుకుని కూర్చున్న ఆయన భార్య వెనక్కి తిరిగింది.

"నాకు నడిచే తీరిక యాడిది సార్?" అని నవ్వింది. ఆ నవ్వుకు ఆయన మీద నా ఒళ్లు ఇంకా మండింది.

అమరచింతలో దిగేటప్పుడు ఆమె జొన్నల సంచి నెత్తికెత్తుకుని, మూట చంకన పెట్టుకుంది. మగ్గం తొక్కీ తొక్కీ వాచిన పాదాలతో ఒక్కో మెట్టే దిగింది. ఆయన చేతులు రెండూ ఖాళీ.

"ఆ మూటన్నా మీరు పట్టుకోరాదా?" అన్నాను, ఉండబట్టలేక.

"చేతులు మంచిగ ఊపుకుంట నడవాలని దవాఖానల చెప్పిండ్రు సార్. మూట పట్టుకుంటె ఎట్ల ఊపుత?"

ఊపుకుంటూనే ముందు నడిచాడు. కిటికీలోంచి ఉమ్మేయాలన్నంత రోత పుట్టింది నాకు.

ఇప్పటికీ పొద్దున్నే ఎవరైనా చేతులు ఊపుకుంటూ ఎదురైతే, ముందుగా నా చూపు వాళ్ల వెనక్కి పోతుంది, ఎవరు మోసుకొస్తున్నారోనని.